జన్యువొక్కటే నిర్ణేత కాదు: మతిమరుపు వ్యాధిపై హైదరాబాద్ పరిశోధన

శంషాబాద్ ప్రాంతంలో ఉదయం నుండి రాత్రి వరకు ఒకే భాషతో పని గడుపుకునే వారు అరుదు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, ఉత్తరాది నుండి వచ్చిన పనివారితో హిందీ, విమానాశ్రయంలో ఉద్యోగం చేసే వారికి ఇంగ్లీషు నిత్య వ్యవహార భాషలు. బెంగళూరు జాతీయ రహదారిని ఆనుకొని ఉన్నందున కన్నడం మాటలు సైతం ఇక్కడి వారి చెవికి కొత్త కాదు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత ఈ భాషల కలయిక మరింత పెరిగింది. ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోని ఈ సాధారణ అలవాటుకు, వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యానికి సంబంధం ఉన్నదని ప్రపంచం దృష్టికి తెచ్చిన ఒక ముఖ్య పరిశోధన హైదరాబాద్ నగరంలోనే జరగడం విశేషం.

పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) న్యూరాలజీ విభాగంలో డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వాన సాగిన ఈ పరిశోధన ఫలితాలు 2013 నవంబరులో అంతర్జాతీయ వైద్య పత్రిక 'న్యూరాలజీ'లో ప్రచురితమయ్యాయి. ఒకే భాష మాట్లాడే వారితో పోల్చినప్పుడు, రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడే వారిలో మతిమరుపు వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు ఈ పరిశోధన వెల్లడించింది. బడి ముఖం చూడని వారిలో సైతం ఈ తేడా కనిపించడం, అదియును సుమారు ఆరు సంవత్సరాల మేరకు ఉండడం అందరి దృష్టిని ఆకర్షించింది.

చాదస్తం కాదు, వ్యాధి

వయసు పైబడిన వారు అప్పుడప్పుడు పేర్లు మరచిపోవడం, కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం సహజమే. కాసేపటికి గుర్తుకు వచ్చి, రోజువారీ పనులకు ఆటంకం లేనప్పుడు సాధారణంగా ఆందోళన అవసరం లేదు. అయితే ఏళ్ల తరబడి నడిచిన వీధిలోనే దారి తప్పడం, భోజనం చేసిన కొద్దిసేపటికే తినలేదనడం, చేతిలోని నోట్లు లెక్కించలేకపోవడం, అడిగిన ప్రశ్ననే పదేపదే అడగడం, శాంత స్వభావులు అకారణంగా కోపగించుకోవడం వంటివి నెలల తరబడి పెరుగుతూ పోతే దానిని వృద్ధాప్యమని సరిపెట్టుకోరాదు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. వాడుకలో మతిమరుపు వ్యాధిగా పిలుస్తున్న ఇది ఒకే జబ్బు కాదు. మెదడులో వేర్వేరు కారణాల వలన కలిగే క్షీణతకు ఇది ఉమ్మడి పేరు.

వీటిలో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో తొలిసారిగా దీనిని వైద్యలోకానికి వివరించినందున ఆయన పేరు స్థిరపడింది. మెదడుకు రక్తాన్ని చేర్చే నాళాలు దెబ్బతిన్నందున వచ్చేది రెండవ రకం. నడవడికలోనూ మాటలోనూ ముందుగా మార్పు తెచ్చే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, భ్రమలు, నడకలో తడబాటు కలిగించే లూయీ బాడీ డిమెన్షియా ఇతర ముఖ్య రకాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. భారతదేశంలో 60 సంవత్సరాలు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషుల కన్నా స్త్రీలలోనూ, పట్టణాల కన్నా గ్రామాలలోనూ ఇది అధికంగా ఉన్నట్లు అదే అధ్యయనం తెలిపింది. అందుచేత ఇది నగరాల్లోని చదువుకున్న వారి జబ్బు అనుకోవడం పొరపాటు.

జన్యువుల పాత్ర ఎంత?

తల్లికో తండ్రికో ఈ వ్యాధి వచ్చిన కుటుంబాలలో తమకు కూడా తప్పదేమోనన్న భయం ఉంటుంది. ఈ భయంలో నిజమెంతో తెలుసుకోవడం అవసరం. అల్జీమర్స్‌కు సంబంధించిన జన్యువులను స్థూలంగా రెండు తరగతులుగా చెప్పవచ్చును.

మొదటి తరగతి జన్యువులు వ్యాధికి నేరుగా కారణమయ్యేవి. ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2 అనే మూడు జన్యువులలో కొన్ని మార్పులు వంశంలో ఉన్నట్లయితే, అవి సంక్రమించిన వారికి వ్యాధి దాదాపు తప్పదు. 40, 50 ఏళ్ల వయసులోనే లక్షణాలు కనిపించవచ్చును. అయితే ఇటువంటి కుటుంబాలు మిక్కిలి అరుదు. మొత్తం అల్జీమర్స్ రోగులలో వీరు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

రెండవ తరగతి జన్యువులు వ్యాధి వచ్చే అవకాశాన్ని మాత్రమే పెంచుతాయి. వీటిలో ప్రధానమైనది 19వ క్రోమోజోముపై ఉండే అపోలిపోప్రొటీన్-ఈ జన్యువు. శరీరంలో కొవ్వు పదార్థాల రవాణాకు తోడ్పడే ప్రొటీన్‌ను ఇది తయారు చేస్తుంది. ఈ జన్యువుకు 2, 3, 4 అనే మూడు రూపాలు కలవు. నాలుగవ రూపానికి అల్జీమర్స్‌తో సంబంధం ఉన్నదని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం కనుగొన్నది. తల్లిదండ్రులలో ఒకరి నుండి ఈ రూపం సంక్రమిస్తే ముప్పు సుమారు మూడు రెట్లు, ఇద్దరి నుండి సంక్రమిస్తే ఎనిమిది నుండి పన్నెండు రెట్లు పెరుగుతుందని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. రెండవ రూపం ఉన్న వారికి కొంత రక్షణ కూడా లభిస్తుంది.

ముప్పు పెరగడం వేరు, వ్యాధి రావడం వేరు. నాలుగవ రూపం ఉండి కూడా జీవితాంతం మతి చెడని వారున్నారు. అది లేకుండానే వ్యాధి బారిన పడిన వారూ ఉన్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలను అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంతో పోల్చి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మన గ్రామీణులలో ఈ నాలుగవ రూపం తక్కువ మందిలో ఉన్నట్లు తేలింది. ఒక దేశపు జన్యు లెక్కలను మరొక దేశానికి యథాతథంగా అన్వయించరాదని దీనివలన స్పష్టమవుతున్నది.

మెదడు కూడబెట్టుకునే నిల్వ

వయసుతో పాటు మెదడు పనితీరు నెమ్మదించడం అందరిలోనూ జరిగేదే. కాని ఒకే తీరున దెబ్బతిన్న మెదడు గల ఇద్దరిలో ఒకరు మంచాన పడగా, మరొకరు తమ పనులు తాము చేసుకోగలగడం వైద్యులను చాలాకాలం ఆశ్చర్యపరచింది. దీనికి సమాధానంగా శాస్త్రజ్ఞులు 'మేధో నిల్వ' అనే భావనను ముందుకు తెచ్చారు. మంచి కాలంలో ధాన్యం గాదెలో పోసుకున్న రైతు కరవు వచ్చినపుడు కొంతకాలం తట్టుకోగలడు. కరవు రాకుండా గాదె ఆపలేదు, ఆకలి మొదలయ్యే రోజును మాత్రం వెనక్కు నెడుతుంది. చదువు, మెదడుకు పదును పెట్టే వృత్తి, నలుగురితో మెలగడం వంటివి మెదడుకు అటువంటి గాదెలు.

ఇక్కడే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. చదువు గొప్ప నిల్వ అయినపుడు, చదువుకునే అవకాశమే లభించని లక్షలాది గ్రామీణ వృద్ధుల మాటేమిటి? వారికి ఏ నిల్వా లేదనుకోవలసిందేనా? హైదరాబాద్ పరిశోధన విలువ ఈ ప్రశ్నకు లభించిన సమాధానంలో ఉన్నది.

హైదరాబాదే ఎందుకు?

రెండు భాషలు మాట్లాడే వారిలో మతిమరుపు వ్యాధి సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా కనిపిస్తున్నదని 2007లో కెనడాలోని టొరంటో నగరంలో ఎలెన్ బయలిస్టాక్ బృందం తెలిపింది. అయితే అక్కడ రెండు భాషల వారిలో అధికులు ఇతర దేశాల నుండి వలస వచ్చిన వారు. తేడా భాషల వలన వచ్చినదా, లేక వలస వచ్చిన వారి జీవన విధానం, ఆహారం, ఆరోగ్యం వలన వచ్చినదా అన్న సందేహం మిగిలిపోయింది.

హైదరాబాద్‌లో ఈ చిక్కు లేదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ భాషలు తరతరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. రెండు భాషలు మాట్లాడే వారూ, ఒకే భాష మాట్లాడే వారూ ఇదే నేలపై పుట్టి పెరిగిన వారు. పైగా రెండవ భాష ఇక్కడ బడిలోనే నేర్చుకోవలసిన విద్య కాదు. అంగట్లో, పనిచోట, ఇరుగుపొరుగు స్నేహంలో అది దానంతటదే అబ్బుతుంది. చదువు రాకున్నా రెండు భాషలు ధారాళంగా మాట్లాడే వారు లభించే ఇటువంటి నగరాలు ప్రపంచంలో తక్కువ.

నిమ్స్ మెమరీ క్లినిక్‌కు 2006 నుండి 2012 వరకు వచ్చిన 648 మంది రోగుల వివరాలను ఈ బృందం పరిశీలించింది. వీరిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు తెలిసిన వారు. 240 మందికి అల్జీమర్స్, 189 మందికి రక్తనాళాల వలన వచ్చిన డిమెన్షియా, 116 మందికి ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, మిగిలిన వారికి లూయీ బాడీ తదితర రకాలు ఉన్నట్లు నిర్ధారణ అయింది. మొత్తం రోగులలో 14 శాతం మంది నిరక్షరాస్యులు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన బాపిరాజు, నిమ్స్ వైద్యులు సుభాష్ కౌల్ తదితరులు ఈ కృషిలో పాలుపంచుకున్నారు. వైద్యులు, భాషావేత్తలు, గణన శాస్త్రజ్ఞులు కలసి పనిచేసిన సందర్భమిది.

ఒకే భాష తెలిసిన వారిలో సగటున 61వ ఏట మొదలైన లక్షణాలు, రెండు భాషల వారిలో 65వ ఏడు దాటిన తరువాత మొదలైనట్లు తేలింది. అల్జీమర్స్‌లో మూడేళ్లకు పైగా, రక్తనాళాల రకంలో మూడున్నరేళ్లకు పైగా, ఫ్రంటోటెంపోరల్ రకంలో ఆరేళ్ల మేరకు తేడా కనిపించింది. చదువు, వృత్తి, స్త్రీ పురుష భేదం, పల్లె పట్టణ నివాసం వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఈ తేడా నిలిచింది. రెండు భాషల కన్నా ఎక్కువ తెలిసినందున అదనపు ప్రయోజనం మాత్రం కనిపించలేదు.

రెండు భాషలు మెదడుకు చేసే మేలు

రెండు భాషలు తెలిసిన వ్యక్తి ఒక భాషలో మాట్లాడుతున్నపుడు రెండవ భాష నిద్రపోదు. శంషాబాద్‌లో కూరగాయలమ్మే ఒక మహిళ ఒక కొనుగోలుదారుకు 'ఉల్లిగడ్డ' అని, మరుక్షణమే మరొకరికి 'ప్యాజ్' అని చెప్పవలసి వస్తుంది. ఎదుట ఉన్నది ఎవరో గమనించాలి, తగిన మాటను ఎంచుకోవాలి, తగని మాటను అణచిపెట్టాలి. క్షణంలో జరిగిపోయే ఈ పని రోజుకు వందల సార్లు, జీవితకాలంలో లక్షల సార్లు జరుగుతుంది. దృష్టిని నిలపడం, అవసరమైనపుడు మరల్చడం వంటి పనులు చూసే మెదడు భాగాలకు ఇది నిరంతర వ్యాయామమవుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పక్షవాతం వచ్చిన వారిపై ఇదే బృందం జరిపిన మరొక అధ్యయనం దీనికి బలం చేకూర్చింది. 608 మంది రోగులను పరిశీలించగా, పక్షవాతం తరువాత మేధాశక్తి చెక్కుచెదరని వారు రెండు భాషల వారిలో సుమారు 40 శాతం, ఒకే భాష వారిలో సుమారు 20 శాతం ఉన్నట్లు తేలింది. ఈ ఫలితాలు 'స్ట్రోక్' పత్రికలో వెలువడ్డాయి.

మన భాషలో పరీక్షలు

ఈ పరిశోధనకు పునాదిగా నిలిచిన మరొక కృషిని గుర్తించవలసి ఉన్నది. జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలు అధికభాగం ఇంగ్లీషు చదువుకున్న వారి కోసం తయారైనవి. చదవడం, రాయడం, బొమ్మ గీయడం వంటి ప్రశ్నలకు నిరక్షరాస్యుడైన రైతు సమాధానం చెప్పలేకపోతే అది వ్యాధి కాదు, పరీక్షలోని లోపం. అందుకే నిమ్స్ బృందం కేంబ్రిడ్జిలో రూపొందిన ఒక ప్రసిద్ధ పరీక్షను తెలుగు, హిందీ భాషలలోకి, చదువు రాని వారికి కూడా అనువైన రీతిలో మార్చింది. తదనంతరం భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం భాషలలో ఒకే ప్రమాణం గల పరీక్షల సముదాయాన్ని రూపొందించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి అందులోనూ కీలక పాత్ర వహించారు. ఆమె తరువాత బెంగళూరులోని నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ఆచార్యులుగా పరిశోధన కొనసాగించారు.

పరిమితులు తెలుసుకోవాలి

ఏ పరిశోధన అయినా సంపూర్ణం కాదు. నిమ్స్ అధ్యయనం ఆసుపత్రికి వచ్చిన రోగులపై జరిగినది. ఆసుపత్రికి రాని వారి సంగతి అందులో తెలియదు. లక్షణాలు ఎప్పుడు మొదలైనవన్నది కుటుంబ సభ్యులు చెప్పిన వివరాలపై ఆధారపడినది. ఇతర దేశాలలో ఏళ్ల తరబడి జరిపిన కొన్ని అధ్యయనాలలో రెండు భాషల వలన ఇటువంటి మేలు కనిపించలేదు. మరోవైపు బెంగళూరు నగరంలో ఇళ్లలో ఉన్న వృద్ధులపై జరిగి 2024లో వెలువడిన అధ్యయనం హైదరాబాద్ ఫలితాలను సమర్థించే దిశలోనే ఉన్నది. రెండు భాషలు తెలిసినందున వ్యాధి రాదని ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పలేదు. వచ్చే కాలం కొంత వెనక్కు జరగవచ్చునన్నదే సారాంశం. ఒక కుటుంబానికి ఆ నాలుగైదు సంవత్సరాలు ఎంతో విలువైనవి. మనవళ్లను పేరుపెట్టి పిలవగలిగే కాలమది.

జన్యు పరిశోధనలోనూ మన దేశం ముందడుగు వేస్తున్నది. భారతీయులలో తరతరాలుగా ఒకే సమూహంలో వివాహాలు జరిగినందున జన్యు వైవిధ్యం ప్రత్యేకమైనదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు భాగస్వాములుగా 2009లో 'నేచర్' పత్రికలో వెలువడిన అధ్యయనం చూపింది. 10 వేల మంది భారతీయుల జన్యుపటాలను సేకరించే జినోమ్ ఇండియా ప్రాజెక్టు 2020లో మొదలు కాగా, బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం దానికి సమన్వయకర్తగా వ్యవహరించింది. ఇదే కేంద్రం కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం గ్రామీణులను ఏళ్ల తరబడి పరిశీలించే అధ్యయనం కూడా చేపట్టింది. ఈ కేంద్రం వ్యవస్థాపక సంచాలకులు డాక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థిని. మన జనాభాలో ఏ జన్యువు ఎంత ముప్పు తెస్తుందన్నది ఇటువంటి ప్రయత్నాల వలన తేటపడగలదు.

కుటుంబాలు చేయవలసినది

జన్యువులను మార్చుకోలేము. మార్చుకోగలిగినవి అనేకం ఉన్నాయి. వైద్య పత్రిక 'లాన్సెట్' నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇటువంటి 14 అంశాలను పేర్కొన్నది. చదువు లేమి, వినికిడి లోపం, చూపు లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొవ్వు, స్థూలకాయం, పొగతాగడం, అధిక మద్యపానం, వ్యాయామం లేకపోవడం, తలకు దెబ్బలు, మానసిక కుంగుబాటు, ఒంటరితనం, వాయు కాలుష్యం ఈ జాబితాలో ఉన్నాయి. వీటన్నింటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ సంఘం అంచనా.

రక్తపోటు, మధుమేహం పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. ద్విచక్ర వాహనంపై హెల్మెట్ ధరించడం మెదడుకు కూడా రక్షణే. చెవులు సరిగా వినిపించని పెద్దలకు వినికిడి యంత్రం అమర్చడం, వారితో రోజూ కాసేపు మాట్లాడడం ఖర్చుకు మించిన ఫలితమిస్తాయి. ఇంట్లోని పెద్దలు రెండవ భాషలో ఇరుగుపొరుగుతో ముచ్చటించడాన్ని ప్రోత్సహించాలి. పిల్లలు మాతృభాషను విడిచిపెట్టకుండా మరొక భాష నేర్చుకోవడం మేలు.

లక్షణాలు కనిపించినపుడు ఆలస్యం చేయరాదు. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ కొరత, కుంగుబాటు, మెదడు పొరల క్రింద రక్తం గడ్డకట్టడం వంటి కారణాల వలన కూడా మతిమరుపు రావచ్చును. వీటిని సకాలంలో గుర్తిస్తే చాలావరకు నయం చేయవచ్చు. చాదస్తమని ఊరుకున్న ఇంట్లో ఆ అవకాశం చేజారిపోతుంది. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేకున్నా, లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచే మందులు ఉన్నాయి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల న్యూరాలజీ విభాగాలను సంప్రదించవచ్చును.

విదేశాలలోని పిల్లల వద్దకు శంషాబాద్ మీదుగా ప్రయాణించే వృద్ధుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. అలవాటైన ఇంట్లో బయటపడని మతిమరుపు, జనసమ్మర్దం గల కొత్త చోట, నిద్రలేని ప్రయాణంలో ఒక్కసారిగా బయటపడవచ్చు. ఇటువంటి వారిని ఒంటరిగా పంపరాదు. పేరు, బంధువుల ఫోన్ నంబరు, వాడుతున్న మందుల వివరాలు రాసిన కాగితం వారి జేబులో ఉంచాలి. సహాయకులు అవసరమని విమాన సంస్థకు ముందుగా తెలియజేయాలి.

వృద్ధుల సమస్యలపై సలహా, సహాయం కొరకు జాతీయ హెల్ప్‌లైన్ 14567కు, మానసిక ఆరోగ్య సలహా కొరకు టెలి-మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చును. రోగితో పాటు రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండే వారికి, ముఖ్యంగా ఇంటి మహిళలకు, విశ్రాంతి, ఆసరా అవసరమని మిగిలిన కుటుంబ సభ్యులు గుర్తించాలి.

పుట్టుకతో వచ్చిన జన్యువు జీవిత గతినంతటినీ శాసించదని, బడికి వెళ్లని వారు సైతం తాము బతికిన బతుకుతోనే మెదడుకు కొంత బలం కూడబెట్టుకోగలరని హైదరాబాద్ పరిశోధన తెలియజెప్పింది. పెద్దల మతిమరుపును నవ్వులాటగా గాని, సిగ్గుపడవలసిన విషయంగా గాని చూడక, సకాలంలో వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం ప్రతి కుటుంబం బాధ్యత.